అమ్మ చూసిన హార్వర్డ్

మా దగ్గర ఆరు నెలలుండి నెల్లూరు తిరిగి వెళ్లాక, మా అమ్మ కనిపించిన ప్రతివాళ్లకీ ఒక మాట చెప్పేది. "హార్వర్డ్ చూసొచ్చాను." వినేవాళ్లు వెంటనే లెక్కలు వేసేవాళ్లు. మనవరాలికి సీటొచ్చిందేమో, ఇంత చిన్న వయసులో ఎట్లా వచ్చిందబ్బా అని. అమ్మ సర్దిచెప్పేది కాదు. ఫోన్లో నాతో మాత్రం నవ్వేది, "నేనేమన్నా అబద్ధం చెప్పానా?" అని.

అబద్ధం కాదు. మసాచుసెట్స్‌లో హార్వర్డ్ అనే ఊరు నిజంగానే ఉంది. యూనివర్సిటీ ఉన్నది బోస్టన్ పక్కన కేంబ్రిడ్జ్‌లో. ఈ హార్వర్డ్ అక్కడికి పడమరగా కార్లో దాదాపు గంట దూరం. యాపిల్ తోటల ఊరు.

2013 అక్టోబర్. ఆకులు రంగు మారే రోజులు. ఈ చుట్టుపక్కల తెలుగువాళ్లందరం చేసే పనే మేమూ చేశాం, యాపిల్ కోతకి వెళ్లాం. కోసిన కాయలకంటే తీసుకున్న ఫొటోలు ఎక్కువ కావడం, ఇంటికొచ్చాక ఇన్ని కాయలు ఏం చేసుకోవాలో తెలియక తెలిసినవాళ్లకి పంచబోతే వాళ్లూ అప్పుడే కోతకి వెళ్లొచ్చి ఉండడం, అన్నీ మామూలే. అమ్మకి అరగంటలో విసుగొచ్చింది. చెట్ల కింద రాలి కుళ్లుతున్న కాయలు చూసి ఆమె ప్రాణం ఉసూరుమంది. "డబ్బులిచ్చి మరీ మనం కొయ్యడం ఏందే? కూలి వాళ్లివ్వాలి గదా మనకి" అంది. దీనికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

తిరిగొస్తుంటే దారిలో బోర్డు కనిపించింది, ఫ్రూట్‌లాండ్స్ మ్యూజియం అని. చాలాసార్లు చూసిన బోర్డే. పండ్ల గురించి ఏదో ఉంటుంది, మా అమ్మాయికి బాగుంటుంది అనుకుని కారు తిప్పాను. అక్కడ పండ్లేమీ లేవు.

కొండ మీద కారు దిగితే ముందు కనిపించేది మ్యూజియం కాదు, లోయ. నషువా నది లోయంతా ఎరుపూ పసుపూ కలిసి మంట పెట్టినట్టుంది. దాని అవతల వాచుసెట్ కొండ. ఇంకా దూరంగా, న్యూ హాంప్‌షైర్‌లోని మొనాడ్నాక్ కొండ లేత నీలంగా. వాలు దిగువన అగ్గిపెట్టంత ఒక ఎర్ర ఇల్లు. అసలు చూడాల్సింది అదేనట. దిగడం బానే ఉంటుంది, మళ్లీ ఎక్కాలి కదమ్మా, నీ మోకాళ్లు అన్నాను. "ఎక్కేటప్పటి సంగతి ఎక్కేటప్పుడు" అని కుచ్చిళ్లు కాస్త పైకి పట్టుకుని, నేను కొనిచ్చిన స్నీకర్లతో నడక మొదలుపెట్టింది. పైన మా అమ్మాయి స్వెటరు, తలకి మఫ్లరు.

ఇంటి గుమ్మంలో ఒక పెద్దావిడ ఉన్నారు, వాలంటీరు. వచ్చినవాళ్లకి కథ చెప్పడం ఆమె పని. ఆమె చెప్తుంటే నేను అమ్మకి తెలుగులో చెప్పాను. ఆ తర్వాత నేను చదువుకున్నది కూడా ఇందులో కలుపుతున్నాను.

బ్రాన్సన్ ఆల్కాట్ అని ఒక టీచరు. సొంతంగా పుస్తకాలు చదివి పైకొచ్చినవాడు. 1834లో బోస్టన్‌లో బడి పెట్టాడు. పిల్లల్ని బెత్తంతో బాదడం మామూలుగా సాగే ఆ కాలంలో ఈయన ఏం చేసేవాడంటే, తప్పు చేసిన పిల్లాడి చేతికి బెత్తం ఇచ్చి, తన చేతి మీద కొట్టమనేవాడు. కొట్టలేక పిల్లాడే ఏడ్చేవాడు. కొన్నేళ్ల తర్వాత ఒక నల్లజాతి అమ్మాయిని బళ్లో చేర్చుకుంటే మిగతా తల్లిదండ్రులు తమ పిల్లల్ని మాన్పించారు. ఆ అమ్మాయిని పంపించేస్తే బడి నిలిచేది. పంపనన్నాడు, బడి పోయింది. 1842లో స్నేహితుడు, రచయిత ఎమర్సన్ ఇచ్చిన డబ్బుతో ఇంగ్లండ్ వెళ్లి, వచ్చేటప్పుడు చార్లెస్ లేన్ అనే ఆయన్నీ, వెయ్యి దాకా పుస్తకాలనీ వెంటబెట్టుకొచ్చాడు. లేన్ దాచుకున్న డబ్బులో 1,800 డాలర్లు పెట్టి ఈ 90 ఎకరాలు కొన్నాడు. 1843 జూన్ 1న కాపురం పెట్టారు. నేల ఎవరి సొత్తూ కాదు, ఎవరికీ జీతం లేదు, అందరిదీ ఒకే కుటుంబం, కొత్త స్వర్గం ఇక్కణ్ణుంచే మొదలు. పొలంలో ముసలి యాపిల్ చెట్లు ఒక పది ఉన్నాయి. ఆ పదింటిని చూసుకుని పండ్లసీమ అని పేరు పెట్టారు.

"తొంభై ఎకరాలా! మీ నాన్న నాలుగు ఎకరాలతో సరిపెట్టాడు" అంది అమ్మ.

మా ఇంట్లో ఎవరూ ఎత్తని మాట అది. నాన్న పోయి అప్పటికి తొమ్మిదేళ్లు. ఆ నాలుగెకరాల మాట అమ్మ నోట నేను ఎప్పుడూ వినలేదు.

పెద్దావిడ నియమాలు చెప్పడం మొదలుపెట్టారు. మాంసం లేదు, చేప లేదు, గుడ్డు లేదు. సరే, బాగానే ఉంది అన్నట్టు అమ్మ తలూపింది. పాలు లేవు, పెరుగు, నెయ్యి, వెన్న లేవు, అవి దూడవి. తేనె లేదు, అది తేనెటీగది. టీ, కాఫీ, పంచదార లేవు. దీపానికి నూనె కూడా జంతువుల కొవ్వుదే కాబట్టి పొద్దుగూకితే చీకటే. తెల్లారగట్ల చన్నీళ్ల స్నానం. పశువు చేత పని చేయించకూడదు కాబట్టి పారలతో మనుషులే తవ్వాలి. పొలానికి పేడ ఎరువు వెయ్యకూడదు.

"పేడ కూడానా? అదేం పాపం చేసింది?" అంది అమ్మ. నేను ఇంగ్లీషులో చెప్తే పెద్దావిడ పగలబడి నవ్వారు.

బట్టల దగ్గరికొచ్చేసరికి ఇంకా చిత్రం. ఉన్ని కట్టకూడదు, గొర్రెది. పట్టు కూడదు, పురుగుది. తోలు చెప్పులు కూడదు. పత్తి కూడా కూడదు, ఎందుకంటే దక్షిణాది రాష్ట్రాల్లో ఆ పత్తి పండించేది బానిసలు. మిగిలింది అవిసె నార బట్ట ఒక్కటే. అమ్మకి నేను చెప్పిన మాట, "నారచీరలు కట్టుకుని వనవాసం చేశారమ్మా" అని. అమ్మ తనని తాను పైనుంచి కిందికి చూసుకుంది. ఒంటి మీద వెంకటగిరి నేత చీర, పత్తి. పైన ఉన్ని స్వెటరు. భుజానికి తోలు సంచి. "అయితే నన్ను గుమ్మం కూడా ఎక్కనిచ్చేవాళ్లు కాదు" అంది.

మన దగ్గర పత్తి వడికితేనే దేశభక్తి. నాన్న చనిపోయేదాకా ఖద్దరు తప్ప కట్టలేదు. ఇక్కడ మనస్సాక్షి ఉన్నవాడు పత్తిని ముట్టుకోకూడదు. రెండూ ఒకే రకం మనుషులు పెట్టుకున్న నియమాలే. నాకు ఆ గుమ్మంలో నిలబడి ఉండగా నాన్న ఆ నార చొక్కా వేసుకుని, పార పట్టుకుని నిలబడినట్టు కళ్లకి కట్టింది. ఆయన తప్పకుండా చేరేవాడు. మమ్మల్ని కూడా లాక్కొచ్చేవాడు.

లోపల గదులు చిన్నవి. కప్పు తలకి తగిలేట్టు ఉంటుంది. పుస్తకాల గది దగ్గర నేను ఆగాను, అమ్మ ఆగలేదు. నేరుగా వంటింట్లోకి వెళ్లి పొయ్యి ముందు నిలబడింది. ఇటుకలతో కట్టిన గూడు లాంటి పొయ్యి, వేలాడేసిన ఇనప కుండలు. అమ్మ కాసేపు ఆ గోడనీ ఈ గోడనీ చూసింది, కిటికీ లోంచి బయటికి చూసింది. "నీళ్లు యాడినుంచి మోసేవాళ్లు?" అంది. ఆ తర్వాత, "ఎవురు వండేవాళ్లు?"

ఆల్కాట్ భార్య. పేరు అబిగెయిల్, అందరూ పిలిచేది అబ్బా అని.

"అబ్బా అనుకుంటానే చేసుంటది" అంది అమ్మ.

నలుగురు ఆడపిల్లలు ఆమెకి. పెద్దదానికి పన్నెండేళ్లు, చిన్నదానికి మూడు కూడా నిండలేదు. ఇంట్లో పిల్లలతో సహా ఎప్పుడూ పదిహేను మందికి మించలేదు గానీ, ఆ కాపురం సాగిన ఏడు నెలల్లో ఎక్కువ కాలం పెద్దవాళ్లలో ఆడమనిషి ఆమె ఒక్కతే. మధ్యలో ఆన్ పేజ్ అనే ఆమె వచ్చి కొంతకాలం ఉండి వెళ్లిపోయింది. రొట్టె కాల్చడం, నార బట్టలు కుట్టడం, ఉతకడం, వచ్చినవాళ్లకి పెట్టడం. వచ్చేవాళ్లు తక్కువేం కాదు. లోకాన్ని బాగుచేసేవాళ్లని చూడ్డానికి జనం బాగా వస్తారు, వచ్చినవాళ్లు భోజనం వేళకి ఉంటారు. ఇది మా ఇంట్లో నేను కళ్లారా చూసిందే. పంట చేతికొచ్చే వేళకి మగవాళ్లు ఉపన్యాసాలకి ఊళ్లు పట్టుకుని పోయారు. గాలివాన వస్తుంటే అబ్బా, పిల్లలు కలిసి బార్లీని బుట్టల్లోకీ దుప్పట్లలోకీ ఎత్తుకుని ఇంట్లో పడేశారట. ఇది ఆ ఇంటి రెండో కూతురు లూయీసా ముప్పై ఏళ్ల తర్వాత, 1873లో రాసిన వ్యంగ్య కథలోది. కథే అయినా ఆ బుట్టలు మోసినవాళ్లలో తనూ ఉంది కాబట్టి నేను నమ్ముతాను.

ఆ ఆగస్టులో అబ్బా తన డైరీలో ఆన్ పేజ్ అన్న మాట ఒకటి రాసుకుంది. ఆడది బతుకంతా త్యాగం చేసి, చనిపోయేటప్పుడు 'ఆడదానిగా పోతున్నాను' అని వినయంగా అంటుంది, మగవాడు కొన్నేళ్లు నిరాడంబరంగా బతికే ప్రయోగం చేసి 'చూడండి, నేను దేవుణ్ణి' అంటాడు. భావం అది. నేను తెలుగులో చెప్తే అమ్మ ఏమీ అనలేదు. పొయ్యి ముందరి రాతిని స్నీకరు కొసతో కొంచెం తట్టింది.

మా సంగతి చెప్పాలి.

మాది పెన్న ఒడ్డున పల్లెటూరు, పల్లిపాడుకి దగ్గర. పల్లిపాడులో గాంధీగారు 1921 ఏప్రిల్‌లో స్వయంగా వచ్చి ప్రారంభించిన పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమం ఉంది. నాన్న నన్ను సైకిలు ముందు కూర్చోబెట్టుకుని అక్కడికి తీసుకెళ్లేవాడు. ఆయన హైస్కూల్లో టీచరు. బెత్తం పట్టడు, అందుకని పిల్లలు ఆయన క్లాసులో గోల చేసేవాళ్లు. వినోబా భూదానమంటే ప్రాణం. 1978లో, నాకు పదేళ్లప్పుడు, జీతం లేని సెలవు పెట్టి ఇంకో ముగ్గురు స్నేహితులతో కలిసి నాలుగెకరాలు కౌలుకి తీసుకున్నాడు. సమష్టి సేద్యం. యూరియా వెయ్యకూడదు, మందు కొట్టకూడదు, కూలి పెట్టకూడదు, పాలు అమ్మకూడదు, టైరు చెప్పులే వెయ్యాలి, భోజనం అందరికీ ఒకేచోట. ఆ ఒకేచోటు మా వంటిల్లు.

అమ్మకి ఒక పద్దుల పుస్తకం ఉండేది. నల్ల అట్ట, పొడుగ్గా ఉంటుంది, షావుకారు కొట్టులో వాడే రకం. అది ఇప్పుడు నా దగ్గరే ఉంది. 1978లో ఒక పేజీ ఇట్లా ఉంటుంది: "సోమవారం. మనుషులు 9. బియ్యం 3 శేర్లు. బెల్లం అప్పు. మంగళవారం. మనుషులు 14 (నెల్లూరు నుంచి 5). బియ్యం అప్పు. చింతపండు పక్కింటి అక్క." అంతే. ఎక్కడా ఒక్క మాట కోపం లేదు, ఏడుపు లేదు. కాకపోతే సెప్టెంబరు నుంచి 'అప్పు' అనే మాట రాసి రాసి విసుగొచ్చిందేమో, 'అ' అని ఒక్క అక్షరం వేసింది. పేజీ నిండా అ, అ, అ. చిన్నప్పుడు అది చూసి అమ్మ అక్షరాలు దిద్దుకుంటోంది అనుకున్నాను.

వరి పెట్టారు, మొలగొలుకులు. దోమ పోటొచ్చింది. మందు కొట్టాలా వద్దా అని నలుగురూ మూడు రోజులు మా అరుగు మీద చర్చ పెట్టారు. ఆ మూడు రోజుల్లో దోమకి చర్చతో పని లేదు. సంక్రాంతికి ఒకాయనకి బ్యాంకు ఉద్యోగం వచ్చింది, ఇంకొకాయనకి పెళ్లి కుదిరింది, మూడో ఆయన రాజకీయాల్లోకి పోయాడు. నాన్న ఒక్కడూ మిగిలి, మౌనవ్రతం పట్టాడు. పలక మీద రాసి చూపించేవాడు, 'మంచినీళ్లు' అని, 'వద్దు' అని.

ఫ్రూట్‌లాండ్స్‌లో ఆల్కాట్ పట్టింది మౌనం కాదు, మంచం. చలికాలానికి ఒక్కొక్కరే జారుకున్నారు. తిండిగింజలు అయిపోతున్నాయి, కట్టెలు చాలడం లేదు. లేన్‌కి, అక్కడికి దగ్గర్లోనే ఉన్న షేకర్లని చూశాక, అసలు పెళ్లాం బిడ్డలు అనేవే ఆదర్శానికి అడ్డం అనిపించింది. ఆడా మగా విడివిడిగా, బ్రహ్మచర్యంతో బతికే మతశాఖ వాళ్లది. ఆల్కాట్ అటా ఇటా తేల్చుకోలేకపోయాడు. అబ్బా తేల్చుకుంది. పిల్లల్నీ సామాన్లనీ తీసుకుని పోతున్నాను అంది. 1844 జనవరిలో లేన్ కొడుకుని తీసుకుని షేకర్ల దగ్గరికి వెళ్లిపోయాడు. ఆల్కాట్ గోడ వైపు తిరిగి పడుకుని, రోజుల తరబడి తిండీ నీళ్లూ ముట్టలేదు. ఆ నెలలోనే భార్య పక్కనున్న స్టిల్ రివర్ అనే పల్లెలో ఒక రైతు ఇంట్లో గదులు అద్దెకి మాట్లాడి అందరినీ అక్కడికి చేర్చింది. అంతకుముందు జూలైలోనే ఎమర్సన్ వచ్చి చూసి తన డైరీలో రాసుకున్నాడు, జూలైలో బాగానే కనిపిస్తున్నారు, డిసెంబర్‌లో చూద్దాం అని. వాళ్లు డిసెంబరు దాటారు, ఇంకో రెండు వారాలు లాగారు. మా నాన్న వాళ్లూ అంతే, సంక్రాంతి దాకా.

"ఎన్ని రోజులు పడుకున్నాడంట?" అంది అమ్మ.

కొన్ని రోజులే అన్నాను.

"మీ నాన్న నలభై రోజులు నోరు తెరవలా. అప్పులోళ్లు అరుగు మీదికొస్తే పలక చూపించేవాడు. వాళ్లకి చదువు రాదు. నేనే మాట్లాడాల్సొచ్చింది." ఈ మాట అంటూ అమ్మ నవ్వింది. నాకు మొదట నవ్వు రాలేదు, తర్వాత ఆపుకోలేకపోయాను. ఆ పెద్దావిడ ఏమిటని అడిగితే చెప్పాను, ఆమె కూడా నవ్వి, అమ్మ చెయ్యి పట్టుకున్నారు. ఒకరి భాష ఒకరికి రాని ఇద్దరు ఆడవాళ్లు ఆ పొయ్యి ముందు అట్లా చేతులు పట్టుకుని నిలబడి ఉండడం నేను ఫొటో తీయలేదు. తీసి ఉండాల్సింది.

అటక మీదికి మెట్లు ఇరుకు, నిటారుగా ఉంటాయి. నిచ్చెన అనే అనాలి. వద్దంటే వినకుండా అమ్మ ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టి ఎక్కింది. పైన కప్పు వాలు కింద ఆడపిల్లలు పడుకున్న చోటు. లూయీసాకి అప్పుడు పదేళ్లు. నాన్న డైరీ రాయమన్నాడు గనక రాసింది. అయిదింటికి లేచి చన్నీళ్ల స్నానం చేశాననీ, అదంటే ఇష్టమనీ రాసింది. గాలిలో గుర్రంలా పరిగెత్తాననీ రాసింది. సంగీతం చెప్పే ఆన్ పేజ్ అంటే తనకి ఒళ్లు మంటనీ రాసింది. (వాళ్ల అమ్మకి ఆమె మాట బంగారం, కూతురికి ఆమె పొడ గిట్టదు. ఇద్దరూ నిజమే రాశారు.) అక్టోబరు 8న అమ్మ పుట్టినరోజు. నాచుతో చేసిన శిలువ, తను రాసిన పద్యం ఇచ్చింది. ఆ రోజే రాసుకుంది, మాకు డబ్బుండి, నేను మంచిదాన్నై, మేమంతా సంతోషంగా ఉంటే బాగుండును అని. డిసెంబర్‌లో ఒక రాత్రి, అమ్మానాన్నా విడిపోతారేమోనని అక్కా తనూ పక్కలో పడుకుని ఏడ్చారు. అందరినీ కలిపి ఉంచమని దేవుడికి దండం పెట్టుకున్నానని రాసింది.

మా అమ్మాయికి అప్పుడు తొమ్మిది నిండి పది. ఆ చోట నేల మీద చాప చుట్టలా ముడుచుకుని పడుకుని చూసింది. "కిటికీ బాగుంది, కానీ వైఫై లేదు" అంది. పెద్దయ్యాక ఆ లూయీసానే 'లిటిల్ విమెన్' నవల రాసి, 1868 నుంచి ఆ డబ్బుతో ఇల్లు నడిపిందనీ, నాన్న చేసిన అప్పులు తీర్చిందనీ చెప్పాను. అమ్మ వెంటనే, "మన అప్పు నువ్వు తీర్చలేదులే, బర్రె తీర్చింది" అంది.

నిజమే. నాన్న మౌనంలో ఉండగానే అమ్మ తన గాజులు రెండు తాకట్టు పెట్టి బర్రెను కొన్నది. పాలు అమ్మకూడదు అన్న నియమం మీద నాన్న పలక తీసుకుని ఏదో రాయబోయాడట. అమ్మ పలక అందుకుని ఎదురుగా పెట్టి, పాలు పితకడానికి కూర్చుంది. ఏం రాయబోయాడో ఎవరికీ తెలీదు. అయిదేళ్లు పట్టింది అప్పు తీరడానికి. పద్దుల పుస్తకంలో 1983 పేజీలో 'అ' లేదు. నాన్న ఆ బర్రెకి రోజూ గడ్డి కోసుకొచ్చేవాడు, దాని పాలు మాత్రం తాగేవాడు కాదు.

బయటికొచ్చాక షేకర్ల ఇంటికి వెళ్లాం. 1794 నాటి ఆఫీసు ఇల్లట, షేకర్ల పల్లె నుంచి 1920లో ఇక్కడికి తరలించారు. వాళ్లు ఈ చుట్టుపక్కల నూరేళ్లకి పైగా బతికారు. గోడల చుట్టూ వరసగా కొయ్య మేకులు. కుర్చీలు కూడా వాటికే తగిలించి కింద ఊడుస్తారు. "మన చిలక్కొయ్యలే!" అని అమ్మ మురిసిపోయింది. అంత శుభ్రం, అంత పొందిక, ఏ వస్తువూ వృథా లేదు. ఇంత బాగా బతికినవాళ్లు పిల్లల్ని కనలేదు గనక అయిపోయారు. లేన్ వెళ్లి చేరింది వీళ్లలోనే. అక్కడా నిలవలేదు, మళ్లీ ఇంగ్లండ్ పోయాడు.

ఫ్రూట్‌లాండ్స్ జనంలో అమ్మకి నచ్చినవాడు ఒకడే, జోసెఫ్ పామర్. గడ్డం పెంచాడని 1830లో ఫిచ్‌బర్గ్‌లో నలుగురు ఆయన్ని పట్టుకుని గొరిగెయ్యబోతే తిరగబడ్డాడు. నేరం ఆయనదే అని జరిమానా వేస్తే కట్టనని వూస్టర్ జైల్లో ఏడాదికి పైగా ఉన్నాడు. మనవైపు గడ్డం పెంచితే తిరుపతి మొక్కో, ప్రేమలో దెబ్బతిన్నాడో అనుకుంటారు, కేసు పెట్టరు. సమాధి రాయి మీద కూడా ఆయన గడ్డంతో ఉన్న బొమ్మ, గడ్డం పెంచినందుకు బాధలు పడ్డవాడు అనే మాట చెక్కారు. పార పట్టడం రాని తత్వవేత్తల మధ్య నిజమైన రైతు ఈయనే. నియమం పక్కనపెట్టి ఎద్దునీ ఆవునీ ఒకే కాడికి కట్టి దున్నాడు. అందరూ పోయాక ఆ పొలాన్ని తనే కొని, ఇరవై ఏళ్లు దారిన పోయేవాళ్లకి తిండీ పడకా పెట్టాడు. "వాళ్ల ఆవిడ పేరేంది?" అని అడిగింది అమ్మ. నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే, ఎవరి గొప్పతనం చెప్పినా ఆమె అడిగే రెండో ప్రశ్న ఇదే. నాన్సీ అట.

ఈ ఇల్లు ఇట్లా నిలిచిందంటే క్లారా ఎండికాట్ సియర్స్ అనే ఆవిడ వల్ల. బోస్టన్ ధనవంతుల బిడ్డ, పెళ్లి చేసుకోలేదు. 1910లో కొండ మీద వేసవి ఇల్లు కట్టించుకుంది. కిందికి చూస్తే కూలడానికి సిద్ధంగా ఉన్న ఈ కొంప. కొని, బాగుచేయించి, 1914లో మ్యూజియం చేసింది. ఏడు నెలల్లో ఆగిపోయిన సంసారానికి నూరేళ్లు దాటిన మ్యూజియం.

అమ్మ పొయ్యి చూసింది. నాన్న వచ్చి ఉంటే ఇంకోచోట ఆగిపోయేవాడని నాకు తెలుసు. ఫ్రూట్‌లాండ్స్‌కి రాకముందే, 1843 జనవరిలో, ఆల్కాట్ తలపన్ను కట్టనని అరెస్టయ్యాడు. బానిసత్వాన్ని కాసే ప్రభుత్వానికి పైసా ఇవ్వనన్నాడు. ఇంకెవరో కట్టేసి విడిపించారు. ఆయన ఊరివాడూ, స్నేహితుడూ అయిన కుర్రాడు థోరో అదే పని చేసి 1846లో ఒక రాత్రి జైల్లో ఉన్నాడు, దాని మీద వ్యాసం రాశాడు. ఆ వ్యాసం దక్షిణాఫ్రికాలో గాంధీగారి చేతికొచ్చింది. గాంధీగారు పల్లిపాడు వచ్చారు. పల్లిపాడు నుంచి మా ఇంటి అరుగు మీదికి సైకిలు దూరం. నాన్నకి ఈ గొలుసు తెలిసి ఉంటే రాత్రంతా నిద్రపోయేవాడు కాదు, మమ్మల్ని పోనిచ్చేవాడు కాదు.

ఎక్కేటప్పుడు అమ్మ మూడుచోట్ల ఆగింది. మూడోసారి వెనక్కి తిరిగి ఆ ఎర్ర ఇంటిని చూసి, "మంచోళ్లేలే పాపం. చేతకాలేదు" అంది. ఆ మాట ఎవరి గురించో నేను అడగలేదు. కార్లో కూర్చుని, తెచ్చుకున్న పులిహోర తిన్నాం. అమ్మ పెరుగన్నం డబ్బా మూత తీస్తూ, "ఇది వాళ్లకి కుదరదు గదా" అని ఆగి, ఇంకో ముద్ద ఎక్కువే కలిపింది.

ఆ తర్వాతి సంక్రాంతికి నేను ఊరెళ్లాను. మా పక్కింటి అబ్బాయి ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వాడు అమ్మని నా ఎదుటే అడిగాడు, "పెద్దమ్మా, హార్వర్డ్ ఎట్లుంది? ఏం చూశావు అక్కడ?" అని.

"వంటిల్లు" అంది అమ్మ.

వాడికి అర్థం కాలేదు. అమ్మ లేచి మా వంటింట్లోకి వెళ్లి, గట్టు దగ్గర నిలబడి, ఒక చెయ్యి గోడకి ఆనించి ఇంకో చెయ్యి చాపి చూపించింది. "ఇదిగో, ఇక్కణ్ణుంచి ఇక్కడికి. మనదానికంటే చిన్నదే. పదిమందికి అందులోనే."